షెల్ కార్డొవాన్ బూట్లు

షెల్ కార్డొవాన్ అనేది గుర్రపు పిరుదు భాగపు చర్మంలో ఉండే ఒక దట్టమైన పొర నుండి తయారయ్యే తోలు. ఈ తోలుతో కుట్టిన బూట్లు మెరుపుకు, మన్నికకు, పాతబడిన కొద్దీ మారే రూపానికి పేరు పొందాయి. మామూలు ఆవుతోలు బూటు వంగినచోట సన్నని ముడతలు పడతాయి. కార్డొవాన్ బూటు వంగినచోట గుండ్రని మడతలు ఏర్పడతాయి. తయారీ సమయంలోనే ఈ తోలుకు కొవ్వు, మైనం దండిగా పట్టిస్తారు. అందువలన దీని సంరక్షణ ఇతర తోళ్ళ సంరక్షణ కంటే భిన్నమైనది. నూనెలు, పాలిష్‌లు తరచుగా పూయడం కంటే బ్రష్షుతో తుడవడం, తడిసినప్పుడు నెమ్మదిగా ఆరనివ్వడం ముఖ్యం. చక్కగా చూసుకున్న జతను అడుగులు మార్పించుకుంటూ దశాబ్దాల పాటు వాడవచ్చు. తడిసిన బూటును ఒక్కసారి నిప్పు దగ్గర ఆరబెట్టినా తిరిగి సరిచేయలేని నష్టం కలుగవచ్చు.

పేరు

కార్డొవాన్ అనే పదం స్పెయిన్ దేశంలోని కోర్డోబా నగరం పేరు నుండి వచ్చింది. 711 నుండి 1236 వరకు ముస్లిం పాలనలో ఉన్న ఈ నగరం తోలుపనికి ఐరోపా అంతటా ప్రసిద్ధి చెందింది. అయితే ఆనాటి కోర్డోబా తోలు ప్రధానంగా మేకతోలు. గుర్రపు తోలుకు ఈ పేరు స్థిరపడడం తరువాతి కాలంలో జరిగింది.

ఈ నగరం పేరు ఐరోపా భాషలలో చెప్పులు కుట్టే వృత్తికే పేరుగా మారింది. చెప్పులు కుట్టేవారిని ఫ్రెంచిలో కోర్దొన్యే అని, ఇంగ్లీషులో కార్డ్‌వెయినర్ అని అంటారు. ఇంగ్లండులో కొత్త తోలుతో పాదరక్షలు తయారు చేసేవారు కార్డ్‌వెయినర్లు, పాతవాటిని బాగు చేసేవారు కాబ్లర్లు అనే భేదం ఉండేది. లండను నగరపు కార్డ్‌వెయినర్ల సంఘానికి 1439లో రాజశాసనం లభించింది.

షెల్ అనగా ఇంగ్లీషులో చిప్ప లేదా గుల్ల. గుర్రపు చర్మంలోని ఆ ప్రత్యేకమైన పొరను తోలు పరిశ్రమలో ఈ పేరుతో పిలుస్తారు. కార్డొవాన్ అనేది ముదురు ఎరుపు కలిసిన గోధుమ వన్నెకు కూడా పేరు. కాబట్టి కార్డొవాన్ అని వ్రాసి ఉన్న బూట్లన్నీ గుర్రపు తోలువి కావు. వాటిలో అనేకం ఆ రంగు వేసిన ఆవుతోలు బూట్లు మాత్రమే.

చర్మంలోని పొర

క్షీరదాల చర్మంలో బాహ్యచర్మం, అంతశ్చర్మం అనే రెండు ముఖ్యమైన పొరలు ఉంటాయి. తోలుగా మారేది అంతశ్చర్మమే. దీని పైభాగంలో వెంట్రుకల కుదుళ్ళు ఉంటాయి. ఈ భాగాన్ని తోలు పరిశ్రమలో గ్రెయిన్ అంటారు. మామూలు బూట్లకు ఈ గ్రెయిన్ వైపు బయటకు కనిపిస్తుంది. దాని మీద వెంట్రుకల రంధ్రాల గుర్తులను చూడవచ్చు.

గుర్రపు పిరుదు ప్రాంతంలో మాత్రం అంతశ్చర్మపు లోతున మరొక దట్టమైన పొర ఉంటుంది. కొల్లాజెన్ అనే మాంసకృత్తు యొక్క సన్నని పోగులు ఇందులో ఎడం లేకుండా కూరుకొని ఉంటాయి. ఇదే షెల్. దీనిని కండరం అని చెప్పడం తరచుగా వినబడే పొరపాటు. ఇది కండరం కాదు, సంధాయక కణజాలం. వెన్నెముకకు ఇరువైపులా ఒక్కొక్కటి చొప్పున, ఒక గుర్రం నుండి గుడ్డు ఆకారపు షెల్లులు రెండు లభిస్తాయి. ఇవి చిన్నవి కావడం వలన ఒక జత బూట్లకు ఒకటికి మించిన షెల్లులు అవసరమవుతాయి.

షెల్‌ను మాంసం వైపు నుండి చెక్కి బయటకు తీస్తారు. పూర్తయిన బూటుపై మెరిసే వైపు ఇదే. వెంట్రుకల వైపు బూటు లోపలికి పోతుంది. అంటే కార్డొవాన్ బూటు ఉపరితలంపై గ్రెయిన్ పొర ఉండదు. ఈ తోలు పాతబడే తీరుకు ఈ ఒక్క విషయమే చాలా వరకు మూలకారణం.

చరిత్ర

20వ శతాబ్దపు ఆరంభంలో అమెరికాలో గుర్రపు షెల్ తోలుకు ముఖ్యమైన ఉపయోగం మంగలికత్తులను నూరే పట్టీలు. చికాగో నగరంలో హార్వీన్ లెదర్ కంపెనీని ఐసడోర్ హార్వీన్ 1905లో స్థాపించాడు. ఈ సంస్థ తొలినాళ్ళలో ఇటువంటి పట్టీల తోలు తయారు చేసేది. 1903లో జిల్లెట్ సేఫ్టీ రేజరు అమ్మకాలు మొదలైన తరువాత మంగలికత్తుల వాడకం క్రమంగా తగ్గింది. షెల్ తోలు బూట్ల తయారీకి మళ్ళింది. మసాచుసెట్స్ రాష్ట్రంలో 1884లో మొదలైన ఆల్డెన్ సంస్థ ఈ తోలుతో బూట్లు కుట్టే సంస్థలలో ప్రసిద్ధమైనది.

ట్రాక్టర్లు, మోటారు వాహనాలు వచ్చిన తరువాత గుర్రాల సంఖ్య తగ్గి, ముడి తోళ్ళ లభ్యత కూడా తగ్గింది. గుర్రాలను ఈ తోలు కోసమని పెంచరు. గుర్రపు మాంసం తినే ప్రాంతాలలో మాంసం పరిశ్రమ నుండి మిగిలిన చర్మాలే టానరీలకు చేరతాయి. అమెరికాలో చివరి గుర్రపు కబేళాలు 2007లో మూతపడ్డాయి. ఫ్రాన్సు, కెనడాలోని క్యుబెక్ వంటి చోట్ల నుండి చర్మాలు దిగుమతి అవుతాయి. జపాన్‌లో హిమేజీ నగరం కార్డొవాన్ తయారీకి పేరు పొందింది. ఆ దేశంలో పిల్లలు బడికి వీపున తగిలించుకొని వెళ్ళే రాందొసేరు అనే సంచులలో ఖరీదైన రకాలను ఈ తోలుతో చేస్తారు. గడియారపు పట్టీలు, పర్సులు, విలుకాండ్రు వేళ్ళకు ధరించే తోలు తొడుగులు దీని ఇతర ఉపయోగాలు.

తయారీ

షెల్ కార్డొవాన్ తయారీకి కనీసం ఆరు నెలలు పడుతుంది. ముందుగా చర్మాన్ని సున్నపు నీటిలో ఉంచి వెంట్రుకలు తొలగిస్తారు. తరువాత చెట్ల బెరడు, కలపల నుండి తీసిన టానిన్ల ద్రావణం గల తొట్లలో నానబెడతారు. టానిన్లు కొల్లాజెన్ పోగులతో బంధమేర్పరచుకొని చర్మం కుళ్ళిపోకుండా చేస్తాయి. తెలుగునాట తంగేడు చెక్కతో, కరక్కాయలతో తోళ్ళు పదును చేసే సంప్రదాయ పద్ధతి కూడా ఇదే సూత్రంపై ఆధారపడినది.

హార్వీన్ పద్ధతిలో సుమారు 30 రోజుల నానుడు తరువాత తోలును చెక్కి షెల్‌ను బయటకు తెస్తారు. మరొక 30 రోజులు తిరిగి టానిన్లలో ఉంచుతారు. పిమ్మట వేడి చేసిన కొవ్వులు, నూనెలు, మైనాల మిశ్రమాన్ని తోలుకు పట్టిస్తారు. తోలును గాజు పలకలపై పరచి ఆరబెట్టి, ఆ కొవ్వు పోగుల లోతుకు ఇంకేలా నెలల తరబడి వదిలివేస్తారు. ఆ తరువాత నిపుణులైన పనివారు చేతితో పలుచగా చెక్కుతారు. అనిలిన్ రంగును చేతితో పూస్తారు. చివరిగా గాజు స్థూపం అమర్చిన యంత్రంతో గట్టిగా రాపిడి చేస్తారు. నిక్కపొడుచుకొని ఉన్న పోగులన్నీ ఒకే దిశలో అణగి అద్దం వంటి నునుపు వస్తుంది.

బూటు యజమాని గుర్తుంచుకోవలసిన విషయాలు ఇందులో రెండు. మొదటిది, మెరుపు పైన వేసిన పూత కాదు, అణచిన పోగులదే. రెండవది, తోలుకు కావలసిన కొవ్వు చాలా వరకు దాని లోపలే ఉంది.

పాతబడే విధానం

కార్డొవాన్ బూటులో కాలక్రమంలో వచ్చే మార్పులను రెండు విధాలుగా విభజించవచ్చు. మడతలు, రంగు వెలియడం, తెల్లని పొడి, నీటి మచ్చలు మొదటి విధానికి చెందినవి. ఇవి సహజమైనవి, లేదా సులభంగా సరిచేయదగినవి. పగుళ్ళు, వేడికి ముడుచుకుపోవడం రెండవ విధానికి చెందినవి. వీటిని సరిచేయడానికి మార్గం లేదు.

మడతలు

ఆవుతోలు వంగినప్పుడు గ్రెయిన్ పొర, దాని కింది పొర ఒకే విధంగా సాగవు. అందువలన పైపొర సన్నగా ముడతలు పడుతుంది. కార్డొవాన్‌లో ఉపరితలం నుండి లోపలి వరకు పోగుల అల్లిక ఒకే రీతిగా దట్టంగా ఉంటుంది. అది విరగక అలవలె ఒంగుతుంది. మొదటి కొన్ని రోజుల నడకలో ఏర్పడిన మడతలే బూటు జీవితాంతం ఉంటాయి. కొంతమంది కొత్త బూటు తొడుక్కొని, వేళ్ళ వెనుక వంగే చోట ఒక పెన్సిలును అడ్డంగా అదిమి పట్టి పాదాన్ని వంచుతారు. మడత కోరిన చోట, తిన్నగా పడాలనేది దీని ఉద్దేశం.

రంగు

అనిలిన్ రంగులు పారదర్శకమైనవి. ఎండలోని అతినీలలోహిత కిరణాల వలన ఇవి నెమ్మదిగా వెలుస్తాయి. కలర్ 8 అనే పేరుతో ప్రసిద్ధమైన హార్వీన్ వారి రంగు కొత్తలో దాదాపు నలుపుగా కనిపించే ముదురు ఎరుపు. సంవత్సరాలు గడిచిన కొద్దీ ఇది ఎర్రటి గోధుమ వన్నెకు మారుతుంది. మడతల ఎత్తైన భాగాలలో, ముందు కొనల వద్ద మార్పు ముందుగా కనిపిస్తుంది. నల్లని బూట్లలో మార్పు తక్కువ. ఒకే రోజున కొన్న రెండు జతలు కూడా వాడకాన్ని బట్టి పదేళ్ళకు వేరువేరు రంగులలో ఉండవచ్చు. ఈ తోలును ఇష్టపడేవారు ఈ మార్పును లోపంగా కాక విలువగా భావిస్తారు.

తెల్లని పొడి

కొన్ని రోజులు తొడగకుండా ఉంచిన బూటు మడతలలో, కుట్ల వద్ద తెల్లని మైనం వంటి పొర కనిపించవచ్చు. లోపలి కొవ్వులోని ఘన భాగాలు, ముఖ్యంగా స్టియరిక్, పామిటిక్ వంటి కొవ్వు ఆమ్లాలు, ఉపరితలానికి చేరి గడ్డకట్టడం దీనికి కారణం. చల్లని వాతావరణంలో ఇది ఎక్కువ. ఇది తోలుకు హాని చేయదు. లోపల కొవ్వు ఉన్నదనడానికి ఇది గుర్తు.

నీటి మచ్చలు

వానచినుకు పడినచోట నీరు పీల్చుకొని అణగిన పోగులు ఉబ్బి పైకి లేస్తాయి. ఆరిన తరువాత అక్కడ మెరుపు లేని చిన్న పొక్కులవలె మచ్చలు మిగులుతాయి. కొత్త బూట్లలో ఇవి స్పష్టంగా కనిపించి కొన్నవారికి ఆందోళన కలిగిస్తాయి. రంగు పోలేదు, తోలు చెడలేదు, పోగులు లేచాయి అంతే. వాటిని తిరిగి అణచవచ్చు.

పగుళ్ళు

పగుళ్ళు సాధారణంగా మడతల లోయలలో మొదలవుతాయి. అక్కడ చేరిన ఇసుక, దుమ్ము అడుగడుగుకు పోగులను కోస్తాయి. ఎండిన తోలులో పోగులు ఒకదానిపై ఒకటి జారలేక తెగుతాయి. ఒకసారి తెగిన పోగులను ఏ నూనె కూడా అతికించలేదు.

వేడి మరింత ప్రమాదకరం. వృక్షజన్య టానిన్లతో పదును చేసిన తోలు తడిగా ఉన్నప్పుడు సుమారు 70 నుండి 85 డిగ్రీల సెల్సియస్ వద్ద కొల్లాజెన్ నిర్మాణం కుప్పకూలి ముడుచుకుపోతుంది. ఆ తరువాత అది గట్టిపడి పెళుసుగా మారుతుంది. నిప్పుల పొయ్యి, రూము హీటరు ముందు ఉంచిన తడి బూటు ఉపరితలం ఈ వేడిని తేలికగా చేరుతుంది.

సంరక్షణ

రోజువారీ పనులు

బూటు విడిచిన తరువాత గుర్రపు వెంట్రుకల బ్రష్షుతో ఒకటి రెండు నిమిషాలు చురుకుగా తుడవాలి. మడతలలోని దుమ్ము పోవడం దీని మొదటి ప్రయోజనం. రాపిడి వలన పుట్టే స్వల్పమైన వేడికి ఉపరితలంపై ఉన్న మైనం మెత్తబడి సమంగా పరచుకోవడం రెండవది. తెల్లని పొడి కూడా ఇదే పనితో పోతుంది. చాలా రోజులకు కావలసిన సంరక్షణ ఇంతమాత్రమే.

బూటు లోపల కొయ్యతో చేసిన అచ్చు ఉంచాలి. దీనిని షూ ట్రీ అంటారు. ఇది చెమట తేమను పీల్చుకుంటుంది, మడతలను సాగదీసి ఉంచుతుంది. ఒకే జతను ప్రతిదినమూ తొడగకుండా కనీసం ఒక రోజు విడిచి తొడగడం వలన లోపలి తేమ పూర్తిగా ఆరుతుంది.

క్రీము, మైనం

మట్టి అంటినప్పుడు కొద్దిగా తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడవాలి. సంవత్సరానికి కొన్ని సార్లు, తోలు పొడిబారినట్లు కనిపించినప్పుడు మాత్రమే, చాలా కొద్దిగా క్రీము రాయాలి. కార్డొవాన్ కోసం చేసే క్రీములలో పశువుల కాళ్ళ ఎముకల నుండి తీసే నూనె, మైనాలు ఉంటాయి. బఠాణీ గింజంత క్రీము ఒక బూటుకు చాలు. రాసిన తరువాత ఇంకనిచ్చి బ్రష్షు చేయాలి. వన్నె మారడం ఇష్టమైనవారు రంగులేని క్రీమును, తొలి వన్నె నిలవాలని కోరేవారు రంగు గల క్రీమును వాడతారు.

క్రీము అతిగా రాయడం వలన తోలు మెత్తబడి ఆకృతి కోల్పోతుంది, జిడ్డుగా మారి దుమ్మును పట్టుకుంటుంది. గట్టి మైనపు పాలిష్‌ను పొరలు పొరలుగా పూస్తే అది మడతల వద్ద చిట్లి తెల్లగా కనిపిస్తుంది. ఈ పైపూత చిట్లడాన్ని చూసి తోలే పగిలిందని భ్రమపడి మరింత క్రీము రాసేవారు ఉన్నారు. అటువంటప్పుడు చేయవలసినది పాత పూతను తగిన శుభ్రపరచే ద్రావణంతో తొలగించడమే.

తడిసినప్పుడు

పైనీటిని మెత్తని గుడ్డతో అద్ది, లోపల కాగితం కూర్చి, కాగితం తడిసిన కొద్దీ మార్చాలి. ఎండ, పొయ్యి, హీటరు తగలని చోట, గాలి ఆడేలా పక్కకు ఒరగబెట్టి ఆరనివ్వాలి. ఒకటి రెండు రోజులు పట్టినా తొందరపడకూడదు. పూర్తిగా ఆరిన తరువాతే మచ్చల పని మొదలుపెట్టాలి. ముందుగా బ్రష్షు చేయాలి. దానికి పోని పొక్కులను నునుపైన ఎముకతో గాని, చెంచా వెనుక భాగంతో గాని ఒకే దిశలో రుద్దాలి. లేచిన పోగులు మళ్ళీ అణగుతాయి. టానరీలో గాజు స్థూపం చేసిన పనినే ఇక్కడ చెంచా చేస్తుంది. దుప్పి ఎముకను ఇందుకు ప్రత్యేకంగా అమ్ముతారు. కానీ అంచులు గరుకుగా లేని ఏ నునుపైన గట్టి వస్తువైనా సరిపోతుంది. పైపైన పడిన గీతలకు కూడా ఇదే చికిత్స.

బూజు, నిల్వ

తేమ ఎక్కువగా ఉండే ప్రాంతాలలో, వానాకాలంలో మూసిన అలమరలో ఉంచిన తోలుకు బూజు పడుతుంది. కోస్తా జిల్లాల వంటి చోట్ల ఈ ప్రమాదం ఎక్కువ. బూజుకు, కొవ్వు పొడికి భేదం తెలుసుకోవడం అవసరం. జుట్టు ఆరబెట్టే యంత్రంతో దూరం నుండి కొద్దిగా గోరువెచ్చని గాలి తగిలిస్తే కొవ్వు పొడి కరిగి మాయమవుతుంది. బూజు అలాగే ఉంటుంది. బూజు నూగుగా ఉండి ముక్క వాసన వేస్తుంది. ఈ పరీక్షను పొడి బూటుపైనే చేయాలి. బూజు పట్టిన బూటును ఇతర బూట్ల నుండి వేరు చేసి, ఆరుబయట బ్రష్షు చేసి, తుడిచి, బాగా ఆరనివ్వాలి. ఆ బ్రష్షును కడగకుండా వేరే జతకు వాడరాదు.

నిల్వకు నూలుగుడ్డ సంచి తగినది. ప్లాస్టిక్ సంచి తేమను లోపలే బంధిస్తుంది.

అడుగుల మార్పు

మేలురకం కార్డొవాన్ బూట్లలో పైతోలును, అడుగును వెల్ట్ అనే తోలు పట్టీ ద్వారా కుడతారు. గుడ్‌ఇయర్ వెల్ట్ అని పిలిచే ఈ నిర్మాణంలో పైతోలు జోలికి పోకుండా అరిగిన అడుగును విప్పి కొత్తది కుట్టవచ్చు. పైతోలు మడతలలో పగుళ్ళు లేనంత వరకు ఈ పనిని అనేక పర్యాయాలు చేయవచ్చు. అందువలన ఇటువంటి బూటు ఆయువును నిర్ణయించేది సాధారణంగా అడుగు కాదు, పైతోలు మడతలే.

గుర్తించడం

నిజమైన షెల్ కార్డొవాన్ ఉపరితలంపై వెంట్రుకల రంధ్రాలు కనిపించవు. వంచినప్పుడు సన్నని ముడతలకు బదులు నునుపైన మడత వస్తుంది. గుర్రపు చర్మంలోని ఇతర భాగాల నుండి కూడా తోలు తయారవుతుంది. దానిని గుర్రపు తోలు అనవచ్చు గాని షెల్ కార్డొవాన్ అనరాదు. పాత జత కొనేవారు మెరుపును కాక మడతల లోయలను పరిశీలించాలి. మెరుపును బ్రష్షుతో తిరిగి తెప్పించవచ్చు, పగులును పూడ్చలేరు.

ఇవి కూడా చూడండి

తోలు
కొల్లాజెన్
తంగేడు
కరక్కాయ
కోర్డోబా
పాదరక్షలు